మధ్యలో చప్పట్లు

సైనికుల బృందగానం ఊళ్లో ఏడాదికోసారి, అదీ ఉచితం. ఆ సాయంత్రం గడియారాలు బాగుచేసే పెద్దాయన దుకాణానికి పెందలాడే తాళం పడేది. ఆయనా, టైలరూ, బస్సు డ్రైవరూ ముగ్గురూ స్నేహితులు, కలిసే వెళ్లేవాళ్లు.

చిక్కంతా ఆఖరి పాటతోనే. సరిగ్గా మధ్యలో నలభై గొంతులూ ఒక్కసారిగా ఆగిపోతాయి. పాట అయిపోయిందనుకుని డ్రైవరు హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టేవాడు. పెద్దాయనకి తల కొట్టేసినట్టయ్యేది. "బస్సు ఆగిన చోటల్లా దిగిపోతారట్రా ఎవరైనా?" అని ఇల్లు చేరేదాకా దులిపేసేవాడు. చివరికి, ఆ చోటు రాగానే వాడి మణికట్టు గట్టిగా పట్టుకుని కూర్చోవడం ఆయన డ్యూటీ అయిపోయింది. పదేళ్లు చేశాడా డ్యూటీ.

డ్రైవరు పోయి నాలుగు నెలలు. ఈసారి రానని మొండికేసిన పెద్దాయన్ని టైలరే బలవంతాన రప్పించాడు. ముందే వెళ్లి కుర్చీల మీద రుమాళ్లు వేసి చోటు పట్టాడు. అలవాటు కొద్దీ మూడు రుమాళ్లు వేశాడు. మధ్య కుర్చీలోది తియ్యడానికి ఇద్దరికీ చేతులు రాలేదు. పాటలు బాగున్నాయి. టైలరు ఏదో జోకేస్తే పెద్దాయన నవ్వాడు కూడా.

ఆఖరి పాట సగంలో గొంతులు ఆగాయి. హాలంతా నిశ్శబ్దం. ఆయన చెయ్యి తనంతట తనే పక్క కుర్చీలోకి పోయి, అక్కడి రుమాలుని గట్టిగా పట్టుకుంది.

"ఆగరా," అన్నాడు, హాల్లో అందరికీ వినబడేలా. "ఇంకా అయిపోలేదు."