పీకొద్దన్న మొక్కలు

పెదపారుపూడిలో మా పక్కింటావిడని చిన్నప్పటి నుంచీ అత్తయ్యా అనే పిలుస్తాను. చుట్టరికమేమీ లేదు. వరి కోతకు రెండు రోజుల ముందు, ఇంకా నిలబడి ఉన్న పైరులోనే, నేల పదును చూసుకుని మినుములు చల్లేది. ఆ విత్తనం వాళ్లమ్మ దగ్గర నుంచి వచ్చింది. ఏటా మంచి కాయలు ఏరి, వేపాకు కలిపి డబ్బాలో దాచుకునేది. అలాంటిది కొట్లో దొరకదు.

మినుము మొలిచాక రోజూ పొద్దున్నే చేలో తిరిగేది. ఆకు మీద పసుపు మచ్చలు కనిపిస్తే చాలు, మొక్కని వేళ్లతో సహా పీకి గుంటలో పూడ్చేసేది. పల్లాకు తెగులంటే ఆవిడకి అంత భయం.

నేనప్పుడు పల్లాకు లాంటి తెగుళ్లు తెచ్చే మొక్కల వైరస్‌ల మీద పరిశోధన చేస్తున్నాను. ఒకసారి ఊరొచ్చి ఆవిడ వెనకే చేలోకి వెళ్లాను. నోరు మూసుకుని నడవొచ్చుగా.

"పీకకండత్తయ్యా. మొక్క దాన్నదే బాగుచేసుకుంటుంది."

ల్యాబు కుండీల్లో పొగాకు మొక్కల్ని చూసి అన్న మాట అది. మొక్క వైరస్‌ని గుర్తుపట్టి, అది పెరగకుండా దాని జన్యు సమాచారాన్ని ముక్కలుగా కత్తిరిస్తుంది. కింది ఆకులు పాడైనా పై చిగురు శుభ్రంగా వస్తుంది. అది చూసి నేను మురిసిపోయిన రోజులవి. ఆ కత్తెరను పనిచేయనివ్వని ప్రోటీన్లు వైరస్ దగ్గరా ఉంటాయని పుస్తకంలో చదివాను. చేలో నిలబడ్డప్పుడు మాత్రం గుర్తు రాలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అదే నేను.

"నిజమేనా అమ్మాయ్?" అంది.

"నిజమేనండీ. ఓ పది రోజులు ఆగి చూడండి."

ఆగింది. చదువుకున్నదాన్నని ఆగింది. ఈలోపు తెల్లదోమ ఆ పసుపు మొక్కల మీద వాలి, రసం పీల్చి, పక్క మొక్కల మీద వాలింది. మళ్లీ ఊరొచ్చేసరికి చేనంతా పసుపే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు నేనూ వంగి పీకడం మొదలుపెట్టాను. ఆవిడే చెయ్యి పట్టుకుని ఆపింది. కాయల్లో గింజ పట్టలేదు. దాచుకోవడానికి దోసెడు విత్తనం కూడా మిగల్లేదు.

ఆవిడ నన్ను తిట్టి ఉంటే బావుండేది. మరుసటి ఏడు గుడివాడ వెళ్లి కొట్లో విత్తనాలు కొనుక్కొచ్చింది. నాకు సిగ్గేసింది, ఇప్పటికీ వేస్తూనే ఉంది.

ఇప్పుడు చేలో పసుపు మొక్క కనిపిస్తే ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతుంది. "పీకమంటావా అమ్మాయ్?" అని అడుగుతుంది. అందులో ఎత్తిపొడుపేమీ ఉండదు, నిజంగానే అడుగుతుంది. వెంటనే పీకెయ్యమని రాస్తాను. చూడగానే పీకెయ్యండి, ఇక నన్నడగొద్దని కూడా ఎన్నోసార్లు చెప్పాను. వినదు. అన్నేళ్లు ఎవర్నీ అడక్కుండా సేద్యం చేసిన మనిషి, నేను జవాబిచ్చేదాకా గట్టు మీదే నిలబడి ఉంటుంది.