పంతొమ్మిదో అంశం

ఫఖ్రున్నీసాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చిన్నప్పటి నుంచీ రాదు. టైపు మిషను ముందు కూర్చున్నా ఎడమకాలు ఊగుతూనే ఉండేది. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే సూపరింటెండెంటు బుచ్చిబాబు కళ్లజోడు మీదుగా చూసి, "ఆ కాలు కాస్త ఆపమ్మా, బల్లంతా ఊగుతోంది, నా పెన్ను దొర్లి కింద పడుతోంది" అన్నాడు. ఆ పూటకు ఆపింది. మర్నాటికి మళ్లీ మామూలే.

ఆ ఆఫీసు పంజగుట్టలో ఒక మేడ మీద ఉండేది. బస్తీ అభివృద్ధి మండలి అని దాని పేరు. చుట్టుపక్కల పేటల్లో ఏ సందుకు మురుగు మోరీ కావాలి, ఏ మలుపులో దీపం పెట్టాలి, ఏ బడికి గది కట్టాలి అనేవన్నీ పదకొండు మంది సభ్యులు మూడు నెలలకొకసారి కూర్చుని తేల్చేవారు. వాళ్లు ఒప్పుకుంటేనే డబ్బు కదిలేది. సమావేశం జరుగుతున్నంతసేపూ ఫఖ్రున్నీసా ఒక మూల స్టూలు మీద కూర్చుని ఎవరేమన్నారో రాసుకునేది. దాన్నిబట్టి బుచ్చిబాబు చిత్తుప్రతి తయారుచేస్తే మూడు కార్బన్లు పెట్టి టైపు కొట్టేది. అధ్యక్షురాలు జానకీదేవి సంతకం పడ్డాక ఆ కాగితంలో ఏముంటే అదే తీర్మానం.

సాయిబుల పిల్ల తెలుగు టైపు కొట్టడమేమిటని ఆఫీసులో మొదట్లో అందరూ వింతగా చూశారు. అందులో వింతేమీ లేదు. వాళ్ల బస్తీ అమీర్‌పేట వెనక నాలా గట్టు మీద ఉంది. ఉర్దూ బడి నాలాకు అవతల, తెలుగు బడి ఇవతల. నాలా దాటాలంటే రెండు తాటిమొద్దుల మీద నడవాలి. ఆడపిల్లను రోజూ ఆ మొద్దుల మీద పంపడం ఇష్టంలేక తండ్రి అజ్మత్ అలీ ఇవతలి బడిలో చేర్పించాడు. ఆయన సనత్‌నగర్‌లో ఫిట్టరుగా పనిచేస్తూనే చనిపోయాడు. ఆ తర్వాత ఇల్లు నడిచింది తల్లి కుల్సుం చేతి చలవ వల్లనే. చట్రానికి పట్టుబట్ట బిగించి, దాని మీద జరీతో మామిడి పిందెలు, తీగలు కుట్టేది కుల్సుం. పంజగుట్టలో పెళ్లిబట్టల దుకాణాలవాళ్లు ఆమె పనిని దూరం నుంచే గుర్తుపట్టేవారు.

ఆఫీసులో ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. ఫఖ్రున్నీసా దరఖాస్తులో రాసిన చిరునామా మధురానగర్‌ది, ఆమె మేనమామ ఇంటిది. నాలా గట్టు అని రాస్తే ఉద్యోగం రాదేమోనని భయపడింది. వచ్చాక దిద్దడానికి సిగ్గుపడింది.

పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది మార్చి సమావేశంలో ఇరవై రెండు అంశాలున్నాయి. పంతొమ్మిదోది నాలా మీద కాలినడక వంతెన. ఆ వరుసను టైపు కొట్టినప్పుడే ఆమె వేళ్లు రెండుసార్లు తప్పాయి. మార్చిలో మంజూరైతే వానలు పడేలోగా పని పూర్తవుతుందని ఇంజినీరు ఫైల్లో రాశాడు.

ఆ రోజు పొద్దున్నుంచీ స్టూలు మీద ఆమె ఒళ్లు నిలవలేదు. పదో అంశం దగ్గర వీధిదీపాల మీద గంటసేపు వాదన జరిగింది. పంతొమ్మిది వచ్చేసరికి రెండు దాటింది. కరెంటు పోయి ఫ్యాన్లు ఆగిపోయాయి. బయట వరండాలో అటెండరు ఓదెలు భోజనాల ప్లేట్లు పేరుస్తున్న చప్పుడు లోపలికి వినబడుతోంది. బుచ్చిబాబు అంశాన్ని గబగబా చదివాడు. "ఆ నాలాను వెడల్పు చేస్తారంటున్నారు, ఈలోపల వంతెన ఎందుకు?" అన్నాడొక సభ్యుడు. "వాళ్లెప్పుడో చేస్తరని జనం దాటుడు ఆపుతరా?" అన్నాడు రాజనర్సయ్య అనే ఇంకో సభ్యుడు. మరెవరో ఏదో అన్నారు. జానకీదేవి కళ్లజోడు తీసి, కొంగుతో ముఖం తుడుచుకుని, "సరే. ఇరవై" అంది.

ఫఖ్రున్నీసా పుస్తకంలో "19 - సరే" అని రాసుకుంది.

సాయంత్రం ఇంటికి నడిచి వెళ్లలేదు, దాదాపు పరుగెత్తింది. "అమ్మీ, మన పుల్, మన వంతెన పాసైంది!" అని గడపలోనే చెప్పేసింది. కుల్సుం సూదిని బట్టకు గుచ్చి లేచి, పక్కింటి రుద్రమ్మను కేకేసింది. చీకటి పడేలోగా బస్తీ అంతటికీ తెలిసిపోయింది. రుద్రమ్మ అందరి నోళ్లలో చక్కెర పోసింది.

రెండు రోజుల తర్వాత బుచ్చిబాబు చిత్తుప్రతి ఇచ్చాడు. పంతొమ్మిది ఎదురుగా ఎర్ర సిరాతో "వాయిదా వేయడమైనది" అని ఉంది.

ఆమె మొదట పొరపాటనుకుంది. "సార్, పంతొమ్మిది ఆమోదించారు కదా?"

"ఎవరన్నారు?" బుచ్చిబాబు తల ఎత్తలేదు.

"మేడం సరే అన్నారు. నేను రాసుకున్నాను."

"సరే అన్నారు నిజమే. దేనికి సరే? నాలా వెడల్పు సంగతి తేలాలన్నారు కదా, దానికి. ఇరవై ఏళ్లుగా రాస్తున్నానమ్మా ఈ తీర్మానాలు. మాటలు పట్టుకుంటే చాలదు, భావం పట్టుకోవాలి." అతని మాటలో కపటం లేదు. తను విన్నదే రాశానని మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు. ఆమె ఎదురు చెప్పలేకపోయింది అందుకే. అతను అబద్ధమాడి ఉంటే పోట్లాడవచ్చు. అతను విన్నదీ తను విన్నదీ ఒకే మాట.

ఆమె పద్దెనిమిది వరకూ కొట్టి ఆపింది. కాగితం మిషనులోనే ఉంది. లేచి వరండాలోకి పోయింది. మళ్లీ వచ్చి కూర్చుంది. మళ్లీ లేచింది.

"ఏమైంది బిడ్డా, గట్ల తిరుగుతున్నవ్?" అన్నాడు ఓదెలు.

"ఓదెలన్నా, మొన్న మీటింగుల మేడం సరే అన్నది గదా, వంతెనకు. నువ్వు విన్నవా?"

"నేను ప్లేట్లు తుడుస్తున్న. అయినా గా అమ్మ సరే అంటే అయినట్టే గద? నాకు శెలవు గావాలన్నా గట్లనే అంటది. ఒకపారి ఇస్తది, ఒకపారి ఇయ్యది."

మధ్యాహ్నం తలనొప్పి అని చెప్పి బయటపడి, అమీర్‌పేట చౌరస్తాలో రాజనర్సయ్య సిమెంటు దుకాణానికి పోయింది. ఆయన బస్తాల మధ్య కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. "పాసైంది గదా?" అన్నాడు. వాయిదా అని రాశారని చెబితే గ్లాసు పక్కన పెట్టి ఆలోచించాడు. "కాలేదా? నేను చెయ్యి సుత ఎత్తిన. ఆగు, చెయ్యెత్తింది గీ వంతెనకా, వీధిదీపాలకా? నాకు జర యాదికొస్తలేదమ్మా. నువ్వు జానకమ్మనే అడుగు. సంతకం ఆమెది గదా."

సభ జరిగి మూడు రోజులైనా కాలేదు. అందులో కూర్చున్నవాళ్లకే ఏం తేల్చారో తెలియకపోవడం చూసి ఆమెకు కోపం వచ్చింది, ఆ వెనకే భయమూ వేసింది. తను విన్నది నిజంగా విన్నదేనా, వినాలనుకున్నదా?

శనివారం మధ్యాహ్నం జానకీదేవి ఇంటికి వెళ్లింది. ఆమె హెడ్‌మిస్ట్రెస్‌గా పనిచేసి రిటైరైన మనిషి, గుంటూరు వైపు నుంచి వచ్చి పంజగుట్టలో స్థిరపడింది. డాబా మీద పాతచీర పరిచి గుమ్మడి వడియాలు పెడుతోంది.

"ఏంటమ్మాయ్, ఇంత ఎండలో వచ్చావ్? ఆఫీసులో ఏమన్నా అయిందా?"

ఫఖ్రున్నీసా నిలబడే చెప్పింది. జానకీదేవి వింటూ రెండు వడియాలు పెట్టి మూడోది చేతిలోనే ఉంచుకుంది.

"నేను సరే అన్నానా?"

"అన్నారు మేడం."

"దేనికన్నాను?"

"అదే మేడం, అడుగుదామని వచ్చాను."

"బుచ్చిబాబు గారు వాయిదా అంటున్నారు. మరి నీకేమనిపించింది? రాసుకున్నదానివి నువ్వే కదా. నువ్వు చెప్పు, అదే రాయిస్తాను."

డాబా మీద గాలి ఆడటం లేదు. ఒక్క మాట చాలు. ఆమోదించారు మేడం అంటే ఆమె నమ్ముతుంది, సోమవారం సంతకం పడుతుంది, వానలకు ముందే వంతెన లేస్తుంది. ఫఖ్రున్నీసా నోరు తెరిచింది. తాటిమొద్దులు కళ్లముందు కదిలాయి. బల్ల ముందు కూర్చుని ఎర్ర సిరాతో చిత్తు దిద్దుకుంటున్న బుచ్చిబాబూ కనిపించాడు.

"ఆమోదించారనే అనుకున్నాను మేడం. కానీ నేను ఆ బస్తీదాన్ని. ఆ నాలా నేనూ దాటుతాను. మీరు అట్ల అన్నరో, నాకే అట్ల వినబడిందో నాకు తెల్వదు."

"మధురానగర్ అని కదా నీ కాగితాల్లో ఉంది?"

"అది మా మామ ఇల్లు. అబద్ధం రాశాను."

జానకీదేవి చేతిలో పిండిని గిన్నెలో వేసేసింది. "నాకు గుర్తు లేదమ్మాయ్," అంది. "ఉక్కపోత గుర్తుంది, ఆకలి గుర్తుంది. వంతెన గురించి ఏమనుకున్నానో ఎంత తవ్వుకున్నా రావడం లేదు. గుర్తులేనిదాన్ని ఒప్పుకున్నానని సంతకం ఎలా పెట్టను? జూన్ మీటింగులో మొదటి అంశంగా పెట్టు. చేతులెత్తించి అడుగుతాను."

"జూన్‌లో వానలొస్తయి మేడం."

"తెలుసు" అంది జానకీదేవి. ఆమె ముఖంలో దిగులుంది, కానీ మాట మారలేదు.

సోమవారం ఫఖ్రున్నీసా తన వేళ్లతోనే "వాయిదా వేయడమైనది" అని కొట్టింది. తర్వాత తెల్ల కాగితం తీసుకుని తన అసలు చిరునామాతో ఒక ఉత్తరం రాసి బుచ్చిబాబు బల్ల మీద పెట్టింది. అతను చదివి, ఆమె వైపు చూసి, "ముందే చెప్పొచ్చుగా" అని మాత్రం అన్నాడు. దాన్ని ఫైల్లో పెట్టాడు.

బస్తీకి చెప్పడమే కష్టమైంది. రుద్రమ్మ ఒక వారం మాట్లాడలేదు. కుల్సుం విషయమంతా విని, సూది ఆపకుండా అడిగింది.

"ఆమె నిన్ను చెప్పమన్నదా?"

"అన్నది."

"నువ్వు తెల్వదన్నవా?"

"తెల్వదు అమ్మీ, నిజంగనే."

"ఒక్క మాట బేటీ. ఒక్క మాటకు ఏం పోయేది నీది?"

ఆ మూడు నెలలూ ఫఖ్రున్నీసా నిద్రలో సైతం కాళ్లాడించేదని కుల్సుం తర్వాత ఎవరితోనో అంది.

జూన్ సమావేశంలో వంతెన మొదటి అంశం. జానకీదేవి చేతులెత్తమంది. పదకొండు చేతులూ లేచాయి. అంతా కలిపి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ఆమోదించడమైనది అని రాస్తున్నప్పుడు ఆమెకు సంతోషం కలగలేదు. కిటికీ అద్దం మీద అప్పటికే చినుకులు పడుతున్నాయి.

టెండరు పిలిచేసరికి జూలై. నాలా పొంగి పారుతుంటే పునాది తవ్వేదెలా? నీళ్లు తగ్గాలన్నాడు కాంట్రాక్టరు. ఆగస్టులో ఒక మధ్యాహ్నం కుల్సుం కుట్టిన ఓణీని ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని పంజగుట్ట దుకాణానికి బయల్దేరింది. దూరమైనా చౌరస్తా మీదుగా చుట్టు తిరిగి పొమ్మని కూతురు పొద్దున చెప్పి వెళ్లింది. దుకాణంవాళ్లు మూడింటిలోగా కావాలన్నారని ఆమె మొద్దుల మీదనే నడిచింది. అవతలి అంచున కాలు జారింది. గట్టు మీదివాళ్లు పట్టుకుని లాగారు కాబట్టి ప్రాణం దక్కింది. ఓణీ తడవలేదు. కుడిచేతి మణికట్టు విరిగింది.

కట్టు విప్పాక మూడు వేళ్లు వంగలేదు. డాక్టరు వ్యాయామం చెప్పాడు. పిండిముద్ద నొక్కమన్నాడు. కుల్సుం రెండు నెలలు నొక్కి, ఒకరోజు సూది పట్టుకుని చూసింది. సూది వేళ్ల మధ్యనుంచి జారిపోయింది. దాన్ని వెతికి తీసి డబ్బాలో పెట్టి మూత వేసింది. కూతుర్ని ఒక్క మాటా అనలేదు. ఏదైనా అంటే బాగుండునని ఫఖ్రున్నీసా ఎదురుచూసింది.

డిసెంబరు సమావేశంలో మొదటి అంశం మీద ఎవరేమన్నారో రాసుకుంటూ ఉంది. జానకీదేవి "ఊఁ, సరే" అని రెండో కాగితం తిప్పబోయింది. ఫఖ్రున్నీసా స్టూలు మీది నుంచి లేచి నిలబడింది. టైపిస్టు సభలో నోరు విప్పడం ఎన్నడూ లేదు.

"మేడం, ఆమోదమా, వాయిదానా?"

బుచ్చిబాబు ముఖం ఎర్రబడింది. జానకీదేవి ఆమెను కాసేపు చూసి, సభ్యుల వైపు తిరిగి, "చెప్పండి, ఏమని రాసుకోమంటారు?" అంది. ఆమోదం అన్నారు. రెండో అంశానికీ లేచింది. మూడోదానికీ లేచింది. ఎనిమిదో అంశం దగ్గర రాజనర్సయ్య నవ్వాడు. "గీ పిల్ల ఇయ్యాల మనల్ని బువ్వ తిననియ్యదు." పన్నెండోది వచ్చేసరికి ఆమె లేవకముందే ఎవరో "ఆమోదం, రాస్కో" అన్నారు. భోజనాలు మూడున్నరకు గానీ మొదలుకాలేదు. బయటికొచ్చాక బుచ్చిబాబు, "నామీద నమ్మకం లేదన్నమాట" అన్నాడు నిష్ఠూరంగా.

"నామీదనే లేదు సార్," అంది ఆమె.

వంతెన మరుసటేడు ఫిబ్రవరిలో పూర్తయింది. ఇద్దరు పక్కపక్కన నడిచేంత వెడల్పు, రెండు వైపులా ఇనుప కమ్మీలు. అప్పటికి కుల్సుం బస్తీ ఆడపిల్లలను ఆరుగురిని చట్రం చుట్టూ కూర్చోబెట్టుకుని నోటితో కుట్టు నేర్పుతోంది. ఇక్కడ దించు, అక్కడ లాగు, అంత బిగువొద్దు అని అరుస్తుండేది. వాళ్లు కుట్టిన మొదటి దుపట్టాను ఇచ్చిరావడానికి తల్లీకూతుళ్లిద్దరూ ఒక సాయంత్రం వంతెన ఎక్కారు. కుల్సుం ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని మెల్లగా నడిచింది. నడుమకు వచ్చాక ఆగింది.

"ఇప్పుడు చెప్పు. గా మేడం మళ్లా గట్లనే అడిగితే ఏమంటవ్?"

ఫఖ్రున్నీసా నీళ్ల వైపు చూసింది. తల్లి చేతి వైపు చూడలేకపోయింది. "తెల్వదు అమ్మీ. రోజూ ఆలోచిస్తనే ఉన్న."

కుల్సుం తలాడించింది. ఒప్పుకున్నట్టూ లేదు, కాదన్నట్టూ లేదు. "పద పద, దుకాణం బంద్ జేస్తరు" అని ముందుకు నడిచింది. వెనక ఎవరో సైకిలు నడిపించుకుంటూ వస్తూ గంట కొట్టారు. ఫఖ్రున్నీసా పక్కకు జరిగి దారి ఇచ్చి, తల్లిని అందుకోవడానికి గబగబా అడుగులు వేసింది.