సౌండ్ తగ్గించిన రోజు

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవి. అనంతపురంలో అమ్మాయిల బాస్కెట్‌బాల్ పోటీలు ప్లేఆఫ్స్ దాకా వచ్చాయి. అంటే, ఇక ఓడిన జట్టు ఇంటికే. మైక్ సెట్ నాది. పెళ్లిళ్లకూ జాతరలకూ ఇరవై ఏళ్లుగా మైకులు కడుతున్నాను కానీ, ఆ సెమీఫైనల్లో చేసినంత వెధవపని ఇంకెప్పుడూ చేయలేదు.

మాది ముదిగుబ్బ. మా జట్టు కెప్టెన్ శిరీష, ఏడో నంబరు. కామెంటేటర్ ఖాదర్ సార్, రిటైరైన పీఈటీ, అంటే బడిలో ఆటలు నేర్పే సార్. క్వార్టర్ ఫైనల్ మేమే గెలిచాం. అయినా ఆయన ఆట పొడుగునా, "ఏడో నంబరు పరుగెత్తడం లేదు, కుడివైపు తిరగడమే లేదు" అంటూనే ఉన్నాడు.

మర్నాడు సెమీఫైనల్. పొద్దున్నే గ్రౌండు బయట టీ బంకు దగ్గర మా ఊరివాళ్లు రెండుగా చీలిపోయారు.

"ఆయప్పకు మన ఊరంటే గిట్టదప్పా. గెలిచినోళ్లకే వంకలు పెడతాడా?" అన్నాడొకడు.

"ఉన్నమాటే అన్నాడు గదన్నా. నిన్న పాప పరుగెత్తిందా, నువ్వే చెప్పు," అన్నాడు ఆటో తోలే ఇంకొకడు.

"ఏమప్పా, నువ్వు ముదిగుబ్బోనివేనా?"

శిరీష నాయన ఓబులేసు గొర్రెల కాపరి. ఇదంతా విని నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, నా బిడ్డను మైకులో అంతమంది ముందర అంటాంటే తల కొట్టేసినట్లుండాది. ఈ పొద్దు ఆయప్ప గొంతు తగ్గించు," అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు చూసి సరేనన్నాను. బుద్ధి తక్కువ నాకు!

రెండో క్వార్టర్లో ఖాదర్ సార్ నోట ఏడో నంబరు రాగానే యాంప్లిఫయర్ మీద హార్న్‌ల, అంటే గ్రౌండు చుట్టూ కట్టిన లౌడ్‌స్పీకర్ల నాబ్ పూర్తిగా తగ్గించేశాను. ఆయన మాట జనానికి వినబడలేదు. జనం గోలలో ఆ సంగతి ఆయనకూ తెలియలేదు. నా హెడ్‌ఫోన్‌ది మాత్రం వేరే లైను, హార్న్‌లు ఆగినా నాకు వినిపిస్తుంది. హార్న్ ఎవరి గొంతునైనా గరుకు చేస్తుంది, మెత్తదనమంతా పోతుంది. హెడ్‌ఫోన్‌లో అదే గొంతు బతిమాలుతోంది.

"ఎగిరినప్పుడల్లా ఎడమకాలి మీదే దిగుతాండాది. ఆ పాపకు కుడికాలు నొప్పుండాది. ఎవురన్నా చూడండప్పా, ఆ బిడ్డను కూర్చోబెట్టండి."

వెంటనే నాబ్ పూర్తిగా పెంచేశాను. హార్న్‌లు ఒక్కసారి కీచుమని, ఆయన మాట గ్రౌండంతా మోగింది. కోచ్ టైమౌట్ అడిగి శిరీష షూ విప్పించాడు. పాదం బుస్సున వాచి ఉంది. తాను లేకపోతే జట్టు ఓడిపోతుందని ఎవరికీ చెప్పకుండా ఆడిందట పిచ్చిపిల్ల.

ఆ పిల్లను కూర్చోబెట్టేశారు, మేం ఓడిపోయాం. ఆ మాట అంత గట్టిగా వినిపించినందుకు మావాళ్లు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. సాయంత్రం ఎక్స్‌రేలో ఎముక మీద సన్నటి చీలిక కనబడింది. ఇంకాసేపు ఆడి ఉంటే పూర్తిగా విరిగేదన్నాడు డాక్టర్.

ఆస్పత్రి వరండాలో ఓబులేసు ఖాదర్ సార్ చేతులు పట్టుకున్నాడు. "మందలో ఒక్క గొర్రె కుంటినా అంత దూరం నుంచి కనిపెడతాను సార్. నా బిడ్డ కుంటుతాంటే నాకు కనపడలే. కన్నంతా బంతి మీదే పెట్టినా."

"నా తప్పు గూడా ఉండాదిలేప్పా. నిన్ననే నొప్పి అనింటే సరిపోయేది," అన్నాడాయన.

నేను సౌండ్ తగ్గించిన సంగతి అప్పుడే చెప్పేసి, క్షమించమన్నాను. సార్ నా వైపు చూసి నవ్వాడు. "మళ్లీ పెంచినావు గదా!" అన్నాడు.

ఆ ఒక్క మాటకు ఆయనకు ఈ జన్మంతా దండం పెట్టుకుంటాను. ఒకరి మాట చేదుగా ఉందని ఎవరొచ్చి చెప్పినా, ముందు హెడ్‌ఫోన్ పెట్టుకుని నా చెవులతో వింటాను. నాబ్ సంగతి ఆ తర్వాతే.

మరుసటి ఏడు శిరీష మళ్లీ ఆడింది. ఓబులేసు నా పక్కనే కూర్చున్నాడు. ఖాదర్ సార్ ఏడో నంబరు గురించి ఏదో అన్నాడు కానీ జనం కేకల్లో సరిగా వినబడలేదు. ఓబులేసు నా భుజం గట్టిగా తట్టాడు.

"సౌండ్ పెంచన్నా! మా పాపను ఏమన్నా తిడతాండాడేమో, ఇననీ!"