గళ్ల చొక్కా తొడుక్కున్న టమాటాలు

మా మేనత్త నవ్వితే ముందు భుజాలు కదిలేవి, తర్వాత పొట్ట, ఆఖరున నోరు తెరుచుకునేది. ఆమె పోయి ఏడాదైంది. టమాటాలు కనబడితే నాకిప్పటికీ ముందు నవ్వే వస్తుంది.

అత్తకున్నది ఒక్క ఎకరం. టమాటా పండితే అందరికీ ఒకేసారి పండేది. సంతలో వ్యాపారి పొద్దున్నే కుర్చీ వేసుకుని, బేరమైనా అడగకుండా కూర్చునేవాడు. మధ్యాహ్నానికి ఎండకు కాయ మెత్తబడేది, కాయతో పాటు రైతూ మెత్తబడేవాడు.

ఒక ఏడు కోతకూలి కూడా గిట్టలేదు.

"ఇంకో పంట ఇలాగే పోతే ఆ ఎకరం నాకు రాసిచ్చెయ్యక్కా," అన్నాడు వ్యాపారి.

"ముందు ఆ కుర్చీని కాస్త ఊపిరి పీల్చుకోనివ్వు తమ్ముడూ!" అని అత్త గంపలన్నీ ఇంటికి తిప్పింది. కాయల్ని ముక్కలు కోసి ఎండబెడతానంది.

"దేనిమీదే?" అన్నాడు మామయ్య.

అత్త మంచం పైకి చూసింది. అక్కడ దోమతెర వేలాడుతోంది.

"వద్దే! దోమలు నన్ను పీక్కు తింటాయి."

"మీ రక్తం అంత రుచిగా ఉండదులెండి."

ఇంట్లో ఉన్న నాలుగు దోమతెరలూ పెరట్లో మంచాల మధ్య బిగించి కట్టాం. ఒళ్లంతా గోక్కుంటూ, పిట్టల్ని తోలుకుంటూ నాలుగు రోజులు కాపలా కాశాం. తీరా తీయబోతే ముక్కలు తెరకు అతుక్కుపోయి ఉన్నాయి. పచ్చిగా ఉన్నప్పుడే తిరగెయ్యాలని ఒక్కరికీ తట్టలేదు! ఊడబెరికితే ప్రతి ముక్క వెనకా బుల్లి బుల్లి గళ్లు.

"అంతా పాడైంది," అన్నాడు మామయ్య.

"పాడవడమేంటి! గళ్ల చొక్కాలు తొడుక్కున్నాయి. షికారుకి పంపిద్దాం," అంది అత్త. ఆమె భుజాలు కదిలాయి.

ఎక్కడా టమాటా దొరకని నెలల్లో పట్టణంలోని హోటలు వంటమాస్టారు అత్త పట్టుకెళ్లిన ఒక ముక్కను వేడినీళ్లలో నానబెట్టి నోట్లో వేసుకున్నాడు. వారం వారం సంచెడు తెమ్మన్నాడు. సంగతి తెలిసి వ్యాపారి పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చాడు.

"అక్కా, మిగతావన్నీ నాకిచ్చెయ్. ఇవాళే!"

"ఎండిన ముక్కకి తొందరేముంది తమ్ముడూ? కూర్చో. కుర్చీ తెచ్చుకున్నావా?"

మరుసటి ఏడు అత్త గొప్పగా స్టీలు పళ్లేలు కొంది. వాటిలో ఎండిన ముక్కలు చూసి వంటమాస్టారు మొహం చిట్లించాడు. "ఇవి మీవి కాదమ్మా. గళ్లేవీ?" దాంతో తెరలు మళ్లీ పెరట్లోకి నడిచాయి. మామయ్య మళ్లీ దోమలపాలయ్యాడు. ఎకరం మాత్రం ఎవరి పాలూ కాలేదు.

అత్త పోయినప్పుడు ఆ వ్యాపారీ పలకరించడానికి వచ్చాడు. తల వంచుకుని నేలమీద కూర్చున్నాడు. మామయ్య మోచెయ్యి గోక్కుంటూ అతని వంక చూశాడు.

"కుర్చీ తెచ్చుకోలేదా?"

ఏడవడానికి అందరం పోగైన ఆ గదిలో ముందు వ్యాపారి భుజాలు కదిలాయి. తర్వాత మా అందరివీ.