డిష్ ముందు తడి నూలు

వాన పడితే నెట్టు పోతుందని అందరికీ తెలుసు. మా ఇంట్లో మాత్రం ఎండ కాస్తే పోయేది. ఈ మాట చెబితే హైదరాబాదులో నాతో పనిచేసేవాళ్లు నవ్వేవారు. అది మా ఇల్లు కాకపోయుంటే నేనూ నవ్వేదాన్నే.

రేడియోలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతులు రాయడం నా ఉద్యోగం. గాలిలో పంపిన మాట అవతలికి చేరిందా, చేరకపోతే మళ్లీ ఎప్పుడు పంపాలి, ఎంత వేగంగా పంపాలి, పొద్దస్తమానం ఇదే నా గోల. లాక్‌డౌన్‌లో ఇంటికి వచ్చాను. తర్వాత కూడా ఇంటినుంచే చేసుకోమన్నారు కాబట్టి ఇక్కడే ఉండిపోయాను. చిట్యాల దగ్గర హైవే దిగి లోపలికి వస్తే, గుట్ట వెనక మా ఊరు. ఫోన్ సిగ్నల్ ఆ గుట్ట అవతలే ఆగిపోతుంది. హైవే పక్కన కేబుల్ నడిపే ఒకాయన్ని ఒప్పించి ఆయన బిల్డింగు మీద ఒక రేడియో పెట్టించాను. గుట్ట అంచు పక్కగా ఆ బిల్డింగు కనిపించేది మా డాబా మీద ఒక్క మూల నుంచే. అక్కడ ఇనుప పైపు పాతి, దానికి మా డిష్ బిగించాను.

బాపుది నేత పని. నూలుకు ముడులు కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, ఆ నూలుతో గుంట మగ్గం మీద పడుగు ఎక్కించి, ఒక్కో పడుగుకు కొన్ని చీరలు నేస్తాడు. ఏళ్లుగా పని ఇచ్చే సేటు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ వచ్చాడు. ఒకరోజు అన్నం తింటూ బాపు, కూర బాగుందన్నంత మామూలుగా, "ఈ పడుగు ఒడిసినంక మగ్గం ఇప్పేస్త. పట్నంల అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్ కావాల్నంట" అన్నాడు. అమ్మ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. నాకు కోపం వచ్చింది. నాకు ఏడుపైనా ముందు కోపం వేషంలోనే వస్తుంది.

ఆ మగ్గం చప్పుడు వింటూ చదువుకున్నదాన్ని నేను. దాన్ని విప్పి కట్టెలు మూల పడేస్తే ఆ గుంట దగ్గర ఎలా నిలబడాలో నాకు తెలియదు. అది విప్పనివ్వకూడదని ఆ పూటే అనుకున్నాను. బాపుతో అనలేదు. అంటే, నీకేం తెలుసు అంటాడు.

తెలిసినవాళ్లను పట్టుకుని బెంగళూరులో చీరల దుకాణం నడిపే ఒకామెను సంపాదించాను. ఆమె ఊళ్లు తిరగదు. వీడియో కాల్‌లో చీర చూస్తుంది. అంచు దగ్గరికి తెమ్మంటుంది, వెనక్కి తిప్పమంటుంది, మగ్గం మీద సగం నేసింది కూడా చూపించమంటుంది. మొదటి రెండు కాల్స్ బాగా జరిగాయి. బాపు సిగ్గుపడుతూనే చీర విప్పి చూపించాడు. ఆమె నచ్చినవి తీసుకుంది. మూడోసారి బాపు కొంగు ఎత్తి పట్టుకున్నాడు, వీడియోలో బొమ్మ అలాగే బిగుసుకుపోయింది. కాసేపటికి కదిలింది, మళ్లీ ఆగింది. నాలుగోసారీ అంతే. ఆమె మర్యాదగానే చెప్పింది, బొమ్మ ఆగుతుంటే రంగు నమ్మలేనని, ఇంకోసారి ఇలాగే అయితే వేరేవాళ్ల దగ్గర చూసుకుంటానని. ఫోన్ పెట్టేశాక బాపు, పట్నంలో వాచ్‌మన్ పని సంగతి చెప్పినాయన నంబరు జేబులోంచి తీసి చూసుకున్నాడు.

ఇక నాకు నిద్ర పట్టేది కాదు, తిండి సయించేది కాదు. రేడియో పవర్ పెంచాను, ఛానెల్ మార్చాను. డిష్‌ను రోజూ పనయ్యాక సాయంత్రం డాబా ఎక్కి వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పాను. కేబుల్ ఆయనతో పోట్లాడాను. ఆయన వాన లేదు, గాలి లేదు, రోగం నీ డబ్బాలోనే ఉందని విసుక్కున్నాడు. లాప్‌టాప్‌లో గీతలు చూస్తే అది ఇంకా వింతగా ఉండేది. వాన రోజుల్లో గీత నున్నగా సాగేది. ఎండ రోజుల్లో పొద్దెక్కుతుండగా ఒక్కసారిగా పడిపోయి, మధ్యాహ్నం దాటేసరికి ఎవరో చేయి పట్టి లేపినట్టు మెల్లగా పైకి వచ్చేది. ఇంత చదివి ఇంట్లో నెట్టు నిలబెట్టలేకపోయానే అని నామీద నాకే రోత పుట్టింది.

ఒక ఎండ రోజు గీత నా కళ్ల ముందే పడిపోయింది. కోపంగా మెట్లెక్కి డాబా మీదికి పోయాను. అమ్మ నూలు ఆరేస్తోంది. రంగులో ముంచి పిండిన నూలు చుట్టలు, చిలపలంటాం, వరసగా వెదురు కర్రకు దూర్చి ఉన్నాయి. కర్ర ఒక కొస పిట్టగోడ మీద, రెండో కొస నా డిష్ పైపుకు తాడుతో కట్టి ఉంది. నీళ్లోడుతున్న నీలిరంగు నూలు డిష్ మొహానికి పరదాలాగా వేలాడుతోంది.

నీళ్లు రేడియో తరంగాలను తాగేస్తాయి. అది నేను ఉద్యోగంలో మొదటి వారంలోనే నేర్చుకున్న సంగతి. నూలు ఆరేకొద్దీ గీత ఎందుకు లేచేదో, నూలు ఆరేయని వాన రోజుల్లో ఎందుకు నున్నగా సాగేదో ఇప్పుడు తెలిసింది. ఇంత దగ్గరి దారికి చినుకులు అడ్డం కావు, నీళ్లోడే పరదా అడ్డం. నేను కేబుల్ ఆయన్ని తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి నవ్వొచ్చింది.

ఇదేం పని అని అమ్మను అడిగితే, ఆమె నన్నే తప్పు చేసినదాన్ని చూసినట్టు చూసింది. "ఇంత గట్టి పైపు పాతి ఉత్తగ ఎట్ల ఉంచుతం బిడ్డా" అంది.

ఆమె తప్పేమీ లేదు. నేతపని ఇంట్లో కదలని పైపు కనిపిస్తే ఎవరైనా నూలే ఆరేస్తారు. కర్ర ఇంకోచోటికి మార్చమన్నాను. డాబా సగం పక్కింటి గోడ నీడ, మిగతా సగంలో మెట్లు, నీళ్ల డ్రమ్ము. ఎండ పడే జాగా అదే, అవతలి బిల్డింగు కనిపించే జాగా అదే. ఎండ కోసం రోజుల తరబడి కాచుకునే నూలును నా డబ్బా కోసం నీడలో పెడితే రంగు మచ్చలు పడుతుంది. చీరే సరిగ్గా రాకపోతే వీడియోలో ఏం చూపిస్తాం? పైపు ఎత్తు పెంచి చూశాను. గాలికి డిష్ ఊగి, ఎండ రోజులతో పాటు గాలి రోజులు కూడా చెడిపోయాయి. పైపును మళ్లీ దించాను.

నూలు కదలదు. డిష్ కదలదు. కాబట్టి మాట ఇంకో దారిన పోవాలి.

ఆ ఇంకో దారి పక్కింటి డాబా, అక్కడి నుంచీ ఆ హైవే బిల్డింగు కనిపిస్తుంది. నీడ పడేది ఆ ఇంటి గోడే. అది మా పెద్దబాపు ఇల్లు, బాపుకు సొంత అన్న. మగ్గాల కొట్టం పంచుకున్నప్పుడు ఆ గోడ దగ్గర మాటా మాటా పెరిగి, ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. అమ్మా పెద్దమ్మా మాత్రం పిట్టగోడ మీదుగా కరివేపాకు, కబుర్లు ఇచ్చిపుచ్చుకునేవాళ్లు. గోడకు ఇవతల ఒక మగ్గం, అవతల ఒక మగ్గం. ఒకరి చప్పుడు ఆగితే రెండోవాళ్లు చెవులు రిక్కించడం నేను చాలాసార్లు చూశాను.

నేను పోయేసరికి పెద్దబాపు మగ్గంలోనే ఉన్నాడు. చెప్పిందంతా విని, మీ బాపు పంపాడా అని అడిగాడు. లేదన్నాను.

"ఆయన పంపకుంటెనే పెట్టుకో. నా దండెం జోలికి మాత్రం రాకు" అన్నాడు.

బిల్డింగు కనిపించే జాగా ఆయన డాబా మీదా దండెం దగ్గరే. అక్కడే పైపు పాతి రెండో డిష్ బిగించి, గోడ మీదుగా మా ఇంటికి తీగ లాగాను. ఆ డబ్బాకు ఒక చిన్న లైటు ఉంటుంది. పచ్చగా వెలిగితే దారి బాగున్నట్టు, ఎర్రగా మారితే చెడినట్టు అని చెప్పాను. ఆయన ఊ కొట్టి నేతలో పడిపోయాడు. విన్నాడో లేదో తెలియలేదు.

కానీ ఎండ అందరికీ ఒకేసారి వస్తుంది. రెండు డాబాల మీదా ఒకేరోజు తడి నూలు ఎక్కితే రెండు దారులుండి ఏం లాభం? ఇక్కడ మా గల్లీ అలవాటు ఆదుకుంది. పడుగు చాపి గంజి పెట్టడానికి గల్లీ పొడవంతా కావాలి, ఉన్నది ఒక్కటే గల్లీ. అందుకని పొద్దున గల్లీ ఎవరిదన్నది వంతు. ఎవరి వంతు వాళ్లది, పని లేనివాళ్లు పక్కవాళ్లకు వదిలేస్తారు. మాటలు లేని అన్నదమ్ములు కూడా ఆ వంతు ఒక్కరోజూ తప్పలేదు. నూలు ఆరేసే రోజులకూ అలాగే వంతు పెట్టుకోమని అమ్మకు, పెద్దమ్మకు చెప్పాను. వాళ్లు పిట్టగోడ దగ్గరే తేల్చేసి, మగవాళ్లకు తర్వాత చెప్పారు.

ఇక మిగిలింది నా పని. ఒక్క మాట దారిలో తప్పిపోగానే రద్దీ ఉందనుకుని వేగం తగ్గించేసుకోవడం నెట్టుకు పుట్టుకతో వచ్చిన అలవాటు. తీగ మీద అది మంచిదే. గాలిలో మాట తప్పిపోవడానికి రద్దీయే ఉండనక్కర్లేదు, తడి నూలు చాలు. అందుకని పోయిన మాటను పోయిన చోటే, అంటే డిష్ దగ్గరే, వెంటనే మళ్లీ పంపేలా రాశాను. బాపు కూడా తెగిన పోగును తెగిన చోటే ముడేస్తాడు, పడుగంతా విప్పడు. ఆపైన, ఒక్కో మాటను ఎన్నిసార్లు మళ్లీ పంపాల్సి వస్తోందో గమనిస్తూ ఉండమన్నాను. ఆ తిప్పలు పెరగడం మొదలవగానే, దారి పూర్తిగా చావకముందే, రెండో డాబాకు మారిపోవాలి.

మొదటిసారి నా ప్రోగ్రాం పిచ్చిదానిలా ప్రవర్తించింది. గాలికి నూలు ఊగినప్పుడల్లా అటు దూకడం, ఇటు దూకడం. బొమ్మ ముందుకన్నా అధ్వానమైంది. ఒకసారి మారాక, వదిలొచ్చిన దారి చాలాసేపు నిలకడగా బాగున్నదని తేలేదాకా తిరిగి రావద్దని రాశాను. మా ఇంటి మొండితనంలో కొంచెం తీసి దానికి పెట్టాననుకోండి. అది పనిచేసింది.

బెంగళూరు ఆమెను బతిమాలి ఇంకొక్క కాల్‌కు ఒప్పించాను. ఇదే ఆఖరుదని ఆమె చెప్పింది. బాపు పడుగు కూడా ఆఖరు చీర దగ్గరికి వచ్చింది.

ఆ వారం ముసురు పట్టింది. రోజుల తరబడి ఎండ మొహం లేదు. రెండిళ్లలోనూ రంగేసిన నూలు గదుల్లో మగ్గి వాసన కొడుతోంది. సరిగ్గా కాల్ రోజు పొద్దున మబ్బు విడిచి ఫెళ్లున ఎండ కాసింది. ఇక వంతు ఎవరు చూస్తారు? అమ్మను ఆపడానికి నాకు నోరు రాలేదు. పెద్దబాపు కూడా తన డాబా మీది డిష్ పైపుకే నూలు కర్ర కట్టాడు. అది ఆయన తిండి.

కాల్ మొదలైంది. బాపు చీర విప్పాడు. మా దారిలో తిప్పలు పెరిగాయి, ప్రోగ్రాం పెద్దబాపు డాబాకు మారింది. అక్కడా పెరిగాయి. ఎటు పోయినా నీళ్లే. బొమ్మ గడ్డకట్టింది. బాపు అంచు పట్టుకుని, చెయ్యి దించాలో వద్దో తెలియక నా వైపు చూశాడు. అలాగే ఉండమని సైగ చేసి మెట్లవైపు పరుగెత్తాను. మన నూలు దించేద్దాం, రంగు చెడితే చెడనీ అని అప్పటికే నిశ్చయించుకున్నాను.

పైకి పోయి చూస్తే అవతలి డాబా మీద పెద్దబాపు నిలబడి ఉన్నాడు. నూలు కర్రను పైపు నుంచి విప్పి, భుజానికెత్తుకుని, డిష్‌కు దూరంగా జరిగాడు. నీలి నీళ్లు ఆయన బనీను మీదుగా ధోవతి దాకా కారుతున్నాయి. ఆయన నా వైపు చూడటం లేదు. డబ్బా మీది లైటు వంకే చూస్తున్నాడు. అది పచ్చగా వెలుగుతోంది.

నేను గబగబా కిందికి వచ్చాను. బాపు చీర వెనక్కి తిప్పి చూపిస్తున్నాడు, ఆమె ఏదో అడుగుతోంది. బొమ్మ ఒక్కసారి కూడా ఆగలేదు. ఆమె తీరిగ్గా చూసింది. మగ్గం చూపించమంది, చూపించాడు. అంతసేపూ పైన ఒక ముసలాయన ఎండలో తడి నూలు మోస్తున్నాడని నాకొక్కదానికే తెలుసు.

కాల్ అయ్యాక బాపుకు చెప్పాను. బాపు చీర మడత కూడా పెట్టలేదు. చెప్పులు లేకుండా గల్లీలోకి దిగి, ఆ ఇంటి గడప దాటి, మెట్లెక్కాడు. నేను మా పిట్టగోడ దగ్గర నిలబడి చూశాను. బాపు పోయి కర్ర రెండో కొస పట్టుకున్నాడు. పెద్దబాపే ముందు అడిగాడు, ఏమంటుందామె అని.

"ఇంకో పడుగు ఎయ్యమన్నది అన్నా" అన్నాడు బాపు.

పెద్దబాపు కర్రను భుజం మార్చుకున్నాడు.

"రేపు గల్లీ వంతు నాది. నువ్వు పడుగు సాపుకో" అన్నాడు.