ఖాళీ గడులు

దంపతులను ఏటా ప్రశ్నలడిగే సర్వే అది. పదేళ్లుగా అందులో ఖాళీ గడులు చూసుకోవడం లెక్కలావిడ పని. ప్రతి ఖాళీనీ పెన్సిలు మొనతో పొడిచి మరీ విసుక్కుంటుంది.

"ఒక్కరే జవాబిచ్చిన జంటల్ని తీసేయమ్మా, పీడా పోతుంది. సాయంత్రానికి నివేదిక వెళ్లాలి," అన్నాడు పెద్దసారు.

"తీసేస్తే మిగిలేది ఇద్దరూ కూర్చుని రాసేంత సఖ్యంగా ఉన్నవాళ్లే సార్. కాపురాలన్నీ ఏటికేడు బాగుపడుతున్నాయని రాసి పంపుతాం."

ఆయన గడియారం చూపించాడు. ఆమె పళ్లు నూరుకుంటూ, జవాబివ్వని ఒక భర్తకు ఏడోసారి ఫోన్ చేసింది.

"మా ఆవిడ రాసిందిగా. నాదీ అదే వేసుకోండి," అని పెట్టేశాడతను.

భార్య కాగితం తీసింది. 'మీరిద్దరూ మనసు విప్పి మాట్లాడుకుంటారా?' అన్న ప్రశ్న కింద, 'మాటల్లేక మూడేళ్లయింది' అని ఉంది.

ఆ కాగితాన్ని పెద్దసారు ముందు పెట్టి అడిగింది: "వీళ్లనీ తీసేయమంటారా?"