చెప్పకుండా తీసిన లాక్

2023 ఎండాకాలంలో ఎస్తేర్ టీచర్ నా దగ్గరికి బండి నేర్చుకోవడానికి వచ్చింది. అప్పటికే నేను మెట్టుగూడలో ఆడవాళ్ళకి టూవీలర్ నేర్పడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. నాకు ఆఫీసూ లేదు, బోర్డూ లేదు. రైల్వే క్వార్టర్ల వెనక ఒక మట్టి మైదానం ఉంది. క్రికెట్ ఆడే పిల్లలు వచ్చేదాకా అది మాది, వచ్చాక వాళ్ళది. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నలభై దాటినవాళ్ళే. ఇంట్లో మొగుడో కొడుకో నేర్పబోయి, రెండో రోజుకే అరిచేసి, నీకు రాదులే అని తేల్చేశాక నన్ను వెతుక్కుంటూ వస్తారు. నా పనిలో సగం బండి నేర్పడం, మిగతా సగం ఆ మాట మరిపించడం.

టీచర్ విషయంలో ఆ రెండో సగం అవసరం పడలేదు. ఆమె భర్త ప్రసాద్ గారు గొంతు పెంచే మనిషి కాదు. ఒక కంపెనీలో లెక్కలు చూసేవారు. మౌలాలిలో ఆమె పనిచేసే బడి దగ్గర రోజూ ఆయనే దింపేవారు. ఆఫీసు వేళలు మారి అది కుదరకపోవడంతో ఆమెకి ఒక ఎలక్ట్రిక్ స్కూటర్ కొనిపెట్టారు. ఆమె ఒకటో తరగతి టీచరు. చిన్నప్పుడు నాన్న, పెళ్ళయ్యాక భర్త, ఎవరో ఒకరు దింపితేనే ఎక్కడికైనా వెళ్ళిన మనిషి. "బడికి నా అంతట నేను వెళ్ళిరావాలి స్వరూపా, ఈ ఒక్క పని నాకు రావాలి" అంది మొదటిరోజే.

ఆ బండి స్లో స్పీడ్ రకం. గంటకి ఇరవై ఐదు కిలోమీటర్లు దాటదు. దాటదు కాబట్టే దానికి లైసెన్సూ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. దాటకుండా ఆపేది స్పీడ్ లాక్. అదేదో పెద్ద యంత్రం అనుకోకండి. మోటారుకి ఎంత కరెంటు పోవాలో చూసుకునే కంట్రోలర్ అనే డబ్బా సీటు కింద ఉంటుంది. దానిలోంచి వచ్చే రెండు వైర్లు కలిపి ఉంటే లాక్ ఉన్నట్టు, విడదీస్తే పోయినట్టు. అలా విడదీస్తే అదే బండి దాదాపు రెట్టింపు వేగంతో పోతుంది. చట్టం ప్రకారం అది తప్పు. ఆ వేగంతో నడపాలంటే లైసెన్సు కావాలి, అందుకు తగ్గ బండీ కావాలి.

అయినా లాక్ తీయించుకోమంటావా అక్కా అని అడగనివాళ్ళు నా దగ్గర లేరు. వాళ్ళ బాధ అబద్ధం కూడా కాదు. మెట్టుగూడ రోడ్డు మీద ఇరవై ఐదులో పోతుంటే వెనక బస్సువాడు హారన్‌తో ప్రాణం తీస్తాడు. బ్రిడ్జి ఎక్కేటప్పుడు ఆ ఇరవై ఐదు కూడా రాదు. అయినా వద్దంటాను. పోలీసుల భయంతో కాదు, థ్రాటిల్ వల్ల. కుడిచేతి కింద తిరిగే పిడినే థ్రాటిల్ అంటాం. లాక్ ఉన్న బండి మీద దాన్ని ఎంత తిప్పినా వేగం అంతే కాబట్టి అందరూ చివరిదాకా తిప్పేస్తారు. మైదానంలో గోరంత తిప్పండి, గోరంత తిప్పండి అని నేను ఎంత మొత్తుకున్నా, రోడ్డెక్కిన వారానికి చెయ్యి తనకి తోచినట్టే చేస్తుంది. లాక్ తీసేసిన బండి కొత్త బండి కిందే లెక్క. దాన్ని మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలి.

టీచర్ బాగానే నేర్చుకుంది. బళ్ళు తెరిచాక రోజూ తనే వెళ్ళివచ్చేది. తెల్ల హెల్మెట్ పెట్టుకుని మైదానం పక్కనుంచి పోతూ నన్ను చూసి హారన్ కొట్టేది. నాకు తప్ప ఇంకెవరికీ ఎప్పుడూ హారన్ కొట్టి ఉండదు.

వానలు పడుతున్న రోజుల్లో ఒక సోమవారం పొద్దున ఆమె పడిపోయిందని కబురొచ్చింది. వాళ్ళ ఇంటి సందులోంచి మెయిన్ రోడ్డు మీదికి తిరగబోయి, ఎదురుగా ఉన్న డివైడర్‌కి నేరుగా గుద్దుకుందట. హెల్మెట్ ఉంది కాబట్టి తల దక్కింది. కుడి మణికట్టు మాత్రం నుజ్జయింది. ప్లేటు వేశారు. చెయ్యి మునుపటిలా తిరగకపోవచ్చని డాక్టరు చెప్పారు.

ఆస్పత్రికి వెళితే, చుట్టూ వాళ్ళ చర్చివాళ్ళూ బంధువులూ ఉన్నారు. అందరిదీ ఒకే మాట. ఈ వయసులో బండి ఎందుకమ్మా, కంగారుపడి ఉంటావు, చేతకానప్పుడు ఊరుకోవాలి. ఆమె ఎవరికీ ఎదురు చెప్పలేదు. "నిజమే స్వరూపా, కంగారులో ఎక్కువ తిప్పేసినట్టున్నాను. నాకు రాదు" అని ఏడ్చింది. మళ్ళీ అదే మాట. ఎందరి నోటినుంచో తుడిచేసిన దాన్ని ఆమె నోట వినాల్సి వచ్చింది. ప్రసాద్ గారు కిటికీ దగ్గర నిలబడి బత్తాయి వలుస్తున్నారు. ఆమె ఏడుస్తున్నా అటే తిరిగి వలుస్తూ ఉన్నారు. బాధలో ఉన్నారనుకున్నాను.

కొన్నాళ్ళకి ఆయన ఫోన్ చేశారు. బండి రిపేర్ అయింది, తనకి దాన్ని ముట్టుకోబుద్ధి కావడం లేదు, ఇంటికి తెచ్చిపెట్టమని అడిగారు. మెకానిక్ దగ్గర ఎక్కి కొంచెం తిప్పానో లేదో, అది నా చేతుల్లోంచి లాక్కుపోయినంత పని చేసింది. వెంటనే ఆపి సీటు ఎత్తి చూశాను. రెండు వైర్లూ విడిగా ఉన్నాయి, కొసలకి నీటుగా టేపు చుట్టి ఉంది. మెకానిక్‌ని అడిగితే, తన దగ్గరికి అట్లనే వచ్చిందన్నాడు.

బండిని నెమ్మదిగా వాళ్ళింటికి తెచ్చి గేటు దగ్గర ఆపాను.

"లాక్ ఎవరు తీసిన్రు సార్?"

ఆయన అబద్ధమాడలేదు. "నేనేనమ్మా. బ్రిడ్జి ఎక్కుతుంటే వెనక లారీలు మీదికొచ్చేస్తున్నాయని రోజూ అనేది. ఆదివారం తను చర్చిలో మీటింగ్‌లో ఉండగా తీయించాను. చెబితే ఇంకా భయపడుతుందని చెప్పలేదు. తెలియకుండానే అలవాటైపోతుందనుకున్నాను."

"ఆ మర్నాడే కదా పడ్డది. టీచర్‌కు తెలుసా?"

ఆయన తల అడ్డంగా ఊపారు. నాకు ఒళ్ళు మండిపోయింది. తాగి నడిపినవాణ్ణి తిట్టొచ్చు, షోకుల కోసం లాక్ తీసే కుర్రాణ్ణి రెండు తగిలించొచ్చు. భార్య మీద ప్రేమతో ఆమె చెయ్యి విరగ్గొట్టిన మనిషిని ఏమనాలి?

"మీరు చెప్తరా సార్, నన్ను చెప్పమంటరా?" అన్నాను.

ఇద్దరం లోపలికి వెళ్ళాం. టీచర్ భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఎడమచేత్తో పలక మీద అ, ఆ దిద్దుకుంటోంది. బళ్ళో బోర్డు మీద రాయాలి కదా అని నవ్వబోయింది. ఆయన నిలబడే చెప్పారు, తల ఎత్తకుండా. ఆమె బలపం కింద పెట్టి నావైపు చూసింది.

"అంటే ఆ రోజు నేను రోజూ తిప్పినంతే తిప్పానా?"

"అంతే తిప్పిన్రు టీచర్. గా జాగాలో నేనున్నా పడుతుంటి."

ఆమె ముఖంలో ఒక బరువు దిగడం నాకు కనిపించింది. కానీ ఆ తేలిక ఎంతోసేపు నిలవలేదు. భర్త వైపు తిరిగి, మెల్లగా, పిల్లల్ని అడిగినట్టు అడిగింది. "మరి ఇన్నాళ్ళూ నన్నెందుకలా ఏడవనిచ్చారండీ?"

నేను బయటికి వచ్చి, సీటు ఎత్తి, టేపు ఊడదీసి ఆ రెండు వైర్లూ కలిపేశాను. ఇంక ఆ ఇంట్లో నేను చేయగలిగింది అంతకన్నా ఏమీ కనిపించలేదు.

లాక్ ఎప్పుడు తీయాలని ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు. స్పీడు కావాలంటే లైసెన్సు తీసుకుని స్పీడు బండే కొనుక్కోమంటాను. మునుపు కూడా ఇదే చెప్పేదాన్ని, కాకపోతే బండి ఎక్కేవాళ్ళకే చెప్పేదాన్ని. ఇప్పుడు చేరిన మొదటిరోజే వాళ్ళ ఇంటివాళ్ళని కూడా మైదానానికి రమ్మంటాను. బండిలో ఒక్క బ్రేకు వైరు బిగించాలన్నా సరే, నాకు కాదు, ముందు నడిపే మనిషికి చెప్పండి అంటాను. కొందరు మొహం మాడ్చుకుంటారు. మాడ్చుకోనీ.

ఎస్తేర్ టీచర్ ఇప్పుడు షేర్ ఆటోలో బడికి వెళుతోంది. బోర్డు మీద ఎడమచేత్తోనే రాస్తోంది. బండి గేటు లోపల కవరు కింద అలాగే ఉంది. మొన్న ఆటో కోసం నిలబడి కనిపిస్తే, మళ్ళీ మైదానానికి రమ్మని, నేను పక్కనే ఉంటానని చెప్పాను.

"బండి అంటే భయం లేదు స్వరూపా. పొద్దున్నే తాళంచెవి చేతిలోకి తీసుకుంటే, రాత్రికి రాత్రి ఇందులో ఏం మార్చారో అనిపిస్తుంది. ఆయన్ని అడగలేను, అడక్కుండా ఎక్కలేను" అంది.